బౌద్ధం చదవాలనుకుంటే తిరుపతి, చిత్తూరుల్లో ఎక్కడ మొదలుపెట్టాలి

బౌద్ధం మీద తెలుగులో పుస్తకాలకు కొదవ లేదు. ఏది ముందు చదవాలో, ఏది తర్వాతో చెప్పేవాళ్ళే తక్కువ. తిరుపతిలో పుస్తకాల అంగడికి పోయి "బుద్ధుడి మీద ఏదన్నా ఇవ్వండి" అని అడగండి. పిల్లల బొమ్మల కథలు, అంబేడ్కర్ రాసిన లావుపాటి గ్రంథం, ఎవరో ధ్యాన గురువు ఉపన్యాసాలు, గ్రూప్స్ కోచింగ్ నోట్సు ఒకే బల్ల మీద పెడతారు. ఈ నాలుగింటికీ దారులు వేరు. నాలుగూ కలగలిపి చదివితే ఒకదానికొకటి పొసగక, రెండు వారాల్లో అన్నీ అటక మీదికి పోతాయి.

అందుకే ముందు మీకేం కావాలో తేల్చుకోండి. పరీక్ష కోసమైతే ఈ వ్యాసం మీకు పెద్దగా పనికిరాదు. సంగీతులు (భిక్షువుల మహాసభలు), శాఖలు, స్తూపాల పేర్లు మీ నోట్సులోనే దొరుకుతాయి. బుద్ధుడు అసలేం చెప్పాడో తెలుసుకోవాలనుకుంటే మాత్రం జీవితచరిత్రతో మొదలుపెట్టకండి, ధమ్మపదంతో మొదలుపెట్టండి. బుద్ధుడి మాటలను పద్యాలుగా కూర్చిన చిన్న పుస్తకం. 26 వగ్గాలు (అధ్యాయాలు), 423 గాథలు (పద్యాలు). రోజుకు ఐదు గాథల చొప్పున 85 రోజుల్లో అయిపోతుంది. తొందర లేదనుకుంటే వారానికో వగ్గం, ఆరు నెలలు.

ఏ ధమ్మపదం కొనాలన్నది అసలు ప్రశ్న. తెలుగులో అనువాదాలు చాలా ఉన్నాయి. కొన్ని పాళి నుంచి, అంటే ఈ మూలగ్రంథాలున్న పాత భాష నుంచి, నేరుగా వచ్చాయి, కొన్ని ఇంగ్లీషు మీదుగా, కొన్ని హిందీ మీదుగా. అట్ట చూస్తే ఏ సంగతీ తెలియదు. అంగట్లో నిలబడే ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. మొదట, ప్రతి గాథకూ అంకె ఉందా, చివరి అంకె 423 ఉందా చూడండి. అంకెలు లేని పుస్తకం ఎంత అందంగా అచ్చేసినా పెట్టేయండి, ఎందుకో కిందికి వచ్చాక తెలుస్తుంది. రెండు, పాళి మూలం తెలుగు లిపిలో ఉందా చూడండి. మూడు, 160వ గాథ తీయండి.

"అత్తా హి అత్తనో నాథో, కో హి నాథో పరో సియా."

ఈ అత్త మేనత్త కాదు లెండి. పాళిలో "తాను" అని. తనకు తానే దిక్కు, ఇంకెవరు దిక్కవుతారు అన్నది మాట. ఇక్కడ అనువాదకుడు "ఆత్మయే ఆత్మకు ప్రభువు" అని రాసి, కింద తాత్పర్యంలో జీవాత్మ పరమాత్మల దాకా పోయాడనుకోండి, ఆ పుస్తకం వేదాంతం చెబుతోంది, బుద్ధుడి మాట చెప్పడం లేదు. ఆత్మ అనేది లేదన్నవాడి నోట ఆత్మను పెట్టడం అవుతుంది. వేదాంతం తప్పని కాదు, మీరు కొనబోతున్నది అది కాదు, అంతే. అలాగే మూలం ఎక్కడ ఆగి వ్యాఖ్యానం ఎక్కడ మొదలవుతుందో కనబడేటట్టు అచ్చేశారా చూడండి. రెండూ ఒకే పేరాలో కలిసిపోయిన పుస్తకంలో బుద్ధుడి మాట ఏదో, పండితుడి మాట ఏదో మొదటిసారి చదివేవాళ్ళు విడదీయలేరు.

పాళి మూలం ఎందుకు, మనకు పాళి రాదు కదా అనవద్దు. తెలుగు బాగా చదివేవాళ్ళకు పాళి సగం వచ్చినట్టే. ఐదో గాథ చూడండి:

"న హి వేరేన వేరాని సమ్మన్తీధ కుదాచనం,
అవేరేన చ సమ్మన్తి ఏస ధమ్మో సనన్తనో."

వేరం అంటే వైరం. సమ్మన్తి అంటే శమిస్తాయి. ఇధ అంటే ఇక్కడ, ఈ లోకంలో. కుదాచనం అంటే ఎన్నడూ, మొదట్లో ఉన్న "న"తో కలిస్తే ఎన్నడూ లేదని. ఏస ధమ్మో సనన్తనో అంటే ఇదే సనాతన ధర్మం. వైరంతో వైరాలు చల్లారవు, వైరం లేకపోవడంతోనే చల్లారతాయి. నిఘంటువు తెరవకుండానే నాలుగింట మూడు వంతులు అందింది. "సనాతన ధర్మం" అన్న మాట ఇక్కడ ఏ అర్థంలో వచ్చిందో గమనించండి. మూలం పక్కన లేకపోతే ఇలాంటివి కంటికి ఆనవు.

ఒక నోటుబుక్కు పెట్టుకుని జంట పదాలు రాసుకుంటూ పోండి. ధమ్మ, ధర్మ. కమ్మ, కర్మ. నిబ్బాన, నిర్వాణ. సుత్త, సూత్ర. అనిచ్చ, అనిత్య. అనత్త, అనాత్మ. దుక్ఖ, దుఃఖ. భిక్ఖు, భిక్షువు. ముప్పై నలభై పదాలు పోగయ్యేసరికి ఏ పుస్తకం పట్టుకున్నా బెరుకు పోతుంది. ఒక్క హెచ్చరిక. పదం ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటే అనుకోకండి. కర్మ అంటే మనం "తలరాత" అనే అర్థంలో వాడేస్తాం, "నా కర్మ" అంటాం. బుద్ధుడు కమ్మ అన్నది చేతనను, అంటే పూనుకుని చేసే పనిని. దుక్ఖం కూడా ఏడుపూ బాధా మాత్రమే కాదు, నిలవని దాని మీద ఆశ పెట్టుకోవడం వల్ల వచ్చే వెలితి కూడా అందులోదే. తెలిసిన మాటే కదా అని దాటేసే చోటే ఎక్కువమంది దారి తప్పుతారు. కొత్త పదం అయితే అందరూ ఆగి చూస్తారు.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఈ జంటలు ఇంకో పనికి వస్తాయి. "ధర్మపదం" అని వెతికితే దొరకనిది "ధమ్మపదం" అంటే దొరుకుతుంది. ఒత్తులతో, ఒత్తులు లేకుండా, "ము"తో, సున్నాతో, బుద్ధ, బుద్ద, బౌద్ధము, బౌద్ధం అని మార్చి మార్చి కొట్టండి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు బోలెడున్నాయి గానీ, వాటికి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు. పేరుతో దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో వెతకండి. దించుకునే ముందు మొదటి పది పేజీలు, చివరి పది పేజీలు తిప్పి చూడండి, మధ్యలో పేజీలు ఎగిరిపోయిన స్కాన్లు తక్కువేం కాదు.

పాళి త్రిపిటకం (బౌద్ధ మూలగ్రంథాల సముదాయం) మొత్తం తెలుగు లిపిలోనే ఉచితంగా దొరుకుతుందని చాలామందికి తెలియదు. టిపిటక డాట్ ఆర్గ్‌లో లిపుల జాబితాలో తెలుగు ఎంచుకోండి. 1954 నుంచి 1956 దాకా రంగూన్‌లో జరిగిన ఆరో సంగీతిలో పరిష్కరించిన పాఠం అది. అనువాదం ఉండదు, మూలం మాత్రమే. మీ చేతిలోని ధమ్మపదంలో అచ్చుతప్పు అనుమానం వస్తే సరిచూసుకోవడానికి ఇది చాలు. అనువాదాలకు సుత్తసెంట్రల్ డాట్ నెట్ ఉంది. ఇంగ్లీషులో నాలుగు ప్రధాన నికాయాలూ (బుద్ధుడి ఉపదేశాల సంపుటాలు) పూర్తిగా ఉన్నాయి, రుసుము లేదు. ఇంగ్లీషు కష్టమని ఫోను చేత తెలుగులోకి మార్పించి చదివేవాళ్ళకు ఒక మాట. కథ నడిచే చోట పరవాలేదు, పారిభాషిక పదం వచ్చిన చోట యంత్రం బోల్తా కొడుతుంది. ఐదు స్కంధాలు (మనిషి అని మనం అనుకునేదాన్ని బుద్ధుడు విడదీసి చూపిన ఐదు భాగాలు) "ఐదు మొత్తాలు"గా మారిపోవచ్చు. అలాంటి చోట వాక్యం అడ్డం తిరిగినట్టు అనిపిస్తే పాళి పదం ఏమిటో చూసి మీ నోటుబుక్కు తీయండి. నేరుగా తెలుగులో పాళి గ్రంథాలు కావాలంటే అన్నపరెడ్డి బుద్ధఘోషుడి అనువాదాలు అడిగి చూడండి. తిరుపతిలో విశాలాంధ్ర, ప్రజాశక్తి లాంటి చోట్ల వెంటనే లేకపోయినా తెప్పించమనవచ్చు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తకాల పండగకు పోయే అలవాటుంటే జాబితా రాసుకుని వెళ్ళండి, ఒక్క తావులో అన్నీ చూసి ఎంచుకోవచ్చు.

ఇప్పుడు అంకెల సంగతి. బుద్ధుడి మాట అన్న ప్రతిదానికీ ఒక చిరునామా ఉంటుంది. దీఘ నికాయంలో 34 సుత్తాలు (ఉపదేశాలు), మజ్ఝిమ నికాయంలో 152, ఆ తర్వాత సంయుత్తం, అంగుత్తరం, చివరగా ఖుద్దక నికాయం, ధమ్మపదం ఉన్నది ఇందులోనే. మజ్ఝిమ 63 అంటే ఆ నికాయంలో 63వ సుత్తం. సంయుత్త 56.11 అంటే 56వ సంయుత్తంలో (అధ్యాయంలో) 11వది. పాత పుస్తకాల్లో ఒక అక్షరం, రోమన్ అంకె, దాని పక్కన పెద్ద అంకె కనిపిస్తే అది పాళి టెక్స్ట్ సొసైటీ (పాళి గ్రంథాలు అచ్చేసే సంస్థ) అచ్చులోని సంపుటం, పేజీ. రెండు పద్ధతులనూ కలిపేసుకుని "సుత్తం దొరకలేదు" అని తల పట్టుకునేవాళ్ళు ఉన్నారు. అంగుత్తర నికాయంలో అచ్చును బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుంది కూడా. కాలామ సుత్తం ఒకచోట 3.65, ఇంకోచోట 3.66. పక్క అంకె కూడా చూడండి.

చిరునామా అడగడం అలవాటైతే వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే బుద్ధుడి సూక్తులు సగం రాలిపోతాయి. తామరపువ్వు బొమ్మ, కింద "- గౌతమ బుద్ధ". ఏ నికాయం, ఎన్నో సుత్తం? యూట్యూబ్ ఉపన్యాసాలకూ ఇదే గీటురాయి. గంట మాట్లాడి ఒక్క సుత్తం పేరైనా చెప్పని వక్త తన సొంత తత్వం చెబుతున్నాడనుకోండి. అది బాగుండొచ్చు, అది వేరే సంగతి.

ధమ్మపదం సగానికి వచ్చాక ఐదు సుత్తాలు ఈ వరసలో చదవండి. మొదట దీఘ 31, సిగాలోవాద సుత్తం. తిరుపతి వాళ్ళకు ఇది ఇట్టే పడుతుంది. తెల్లారుజామున తలస్నానం చేసి, తడిబట్టలతో, తడిజుట్టుతో ఆరు దిక్కులకూ దండం పెడుతున్న ఒక కుర్రవాడు. పుష్కరిణి మెట్ల మీద రోజూ కనిపించే దృశ్యమే. బుద్ధుడు దండం మానమనడు. తూర్పు అంటే తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర ఆలుబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింద పనివాళ్ళు, పైన శ్రమణులు (సన్యాసులు), బ్రాహ్మణులు అని, ఒక్కొక్కరికీ ఏం చేయాలో చెబుతాడు. సన్యాసుల మతం కదా మనకెందుకు అనుకునేవాళ్ళ అనుమానం ఇక్కడే తీరుతుంది. తర్వాత మజ్ఝిమ 63, విషబాణం ఉపమానం. బాణం తగిలినవాడు, కొట్టినవాడి కులమేమిటి, ఊరేమిటి, వింటినారి దేనితో చేశారు అని తెలిస్తే తప్ప బాణం తీయనివ్వను అంటే ఏమవుతుంది? లోకం శాశ్వతమా కాదా అన్న ప్రశ్నలకు బుద్ధుడు ఎందుకు జవాబివ్వలేదో ఇందులో ఉంది. ఆ తర్వాత సంయుత్త 56.11, నాలుగు ఆర్యసత్యాల మొదటి ఉపదేశం. దాని వెంటే సంయుత్త 22.59, అనాత్మ మీద. చివరికి కాలామ సుత్తం.

కాలామ సుత్తం చివర పెట్టడానికి కారణం ఉంది. "గ్రంథాన్ని నమ్మకు, గురువును నమ్మకు, నీ బుద్ధికి తోచింది నమ్ము" అని దాన్ని ప్రచారం చేస్తారు. సుత్తం తెరిస్తే నమ్మకానికి చాలవని చెప్పిన పది ఆధారాల్లో తర్కం, ఊహ, "నా అభిప్రాయానికి సరిపోయింది" అనేవి కూడా ఉంటాయి. ఆచరించి చూడు, హాని కలిగిస్తుందా మేలు చేస్తుందా చూడు, వివేకులు మెచ్చుతారా నిందిస్తారా చూడు అన్నది అసలు మాట. నాలుగు సుత్తాలు చదివాక వస్తే దీని బరువు తెలుస్తుంది.

జీవితచరిత్రల జోలికి అప్పుడు వెళ్ళండి. తిరుపతి వేంకట కవుల బుద్ధచరిత్ర పద్యాలు చదవడానికి హాయిగా ఉంటాయి (పేరులో తిరుపతి ఉందే గానీ ఆ జంట గోదావరి వైపు వాళ్ళు). అశ్వఘోషుడి సంస్కృత కావ్యాలు బుద్ధచరితం, సౌందరనందం కావాలంటే సంస్కృతం వచ్చినవాళ్ళను అడగాలి. తిరుపతిలో వాళ్ళకు కరువు లేదు, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమే ఉంది. అయితే కావ్యం కావ్యమే. ముసలివాడు, రోగి, శవం, సన్యాసి కనబడిన కథ దీఘ 14లో విపస్సి అనే పూర్వపు బుద్ధుడిదిగా ఉంది. గౌతముడు తన ఇల్లు విడిచిన సంగతి మజ్ఝిమ 26లో తానే చెబుతాడు: అమ్మానాన్నలు కన్నీళ్ళతో ఏడుస్తుండగా జుట్టు తీయించుకుని వెళ్ళాను అని. కథల్లో చెప్పే అర్ధరాత్రి గుర్రం అక్కడ లేదు. తేదీల్లో కూడా తేడాలు కనిపిస్తాయి. థేరవాద (శ్రీలంక, బర్మాల్లోని బౌద్ధ శాఖ) లెక్కలో పరినిర్వాణం, అంటే బుద్ధుడి మరణం, క్రీ.పూ. 544 ప్రాంతం, 1956లో 2500 ఏళ్ళ ఉత్సవాలు జరిగింది ఆ లెక్కనే. పండితులు క్రీ.పూ. 483 అనీ, 400 దగ్గర అనీ అంటారు. పుస్తకం తప్పని చింపేయకండి.

అంబేడ్కర్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" విడిగా చదవాల్సిన పుస్తకం. ఆయన 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు, డిసెంబరు 6న కన్నుమూశారు, పుస్తకం 1957లో వచ్చింది. మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చేసిన ఆయన రచనల్లో 11వ సంపుటం ఇదే, ఇంగ్లీషు పాఠం ఉచితంగా దొరుకుతుంది, తెలుగు అనువాదమూ ఉంది. ముందుమాట దాటేసి చదివితే అన్యాయం చేసినట్టే. బుద్ధుడు ఇల్లెందుకు వదిలాడు, ఆర్యసత్యాలు మొదటి నుంచీ ఉన్నవేనా, ఆత్మ లేకుండా పునర్జన్మ ఎట్లా, భిక్షు సంఘం దేనికి అని నాలుగు ప్రశ్నలు అక్కడే వేస్తారు. సంప్రదాయ గ్రంథాలతో ఆయన ఎక్కడ విడిపోతున్నారో అక్కడ తేటగా ఉంటుంది. ఇల్లు వదలడానికి ఆయన చూపిన కారణం శాక్యులకూ కోలియులకూ మధ్య రోహిణీ నది నీళ్ళ తగాదా. పాలారు పక్కన కుప్పం వాళ్ళకు ఆ అధ్యాయం విడమరచి చెప్పనక్కర్లేదు. మామూలు ప్రతుల్లో ఏ సుత్తం నుంచి తీసుకున్నారో చిరునామాలు ఉండవు. అందుకే సుత్తాలు కొన్ని చదివి ఉంటే ఇది రెట్టింపు పనికొస్తుంది. దళిత సంఘాల మిత్రులు ఎవరైనా కలిసి చదివే చోటు ఉంటే అక్కడ చేరండి, ఈ పుస్తకం ఒంటరిగా చదివేది కాదు.

లైబ్రరీలో వెతకడం సులువు, అంకె తెలిస్తే. పుస్తకాలను అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో బౌద్ధం 294.3. హిందూమతం 294.5 పక్కనే కాబట్టి బీరువాలో కలిసిపోయి ఉంటాయి, రెండూ చూడండి. బౌద్ధ తత్వశాస్త్రం 181 దగ్గర వేరే బీరువాలో ఉంటుంది, చాలామంది దాన్ని చూడనే చూడరు. కోలన్ అనే ఇంకో వర్గీకరణ పద్ధతి పాటించే చోట క్యూ4 కింద అడగండి. చిత్తూరు జిల్లా గ్రంథాలయంలో, మీ ఊరి శాఖా గ్రంథాలయంలో తెలుగువి చూసుకోవచ్చు. పెద్ద గ్రంథాలకు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం లైబ్రరీ. విద్యార్థి కానివాళ్ళు అక్కడే కూర్చుని చదువుకోవడానికి అనుమతి అడగాలి, ఆధార్ జిరాక్స్, ఏ పుస్తకాలు కావాలో రాసిన కాగితం వెంట పెట్టుకుంటే మాట సులువవుతుంది.

ఈ ప్రాంతంలో మూడు పక్కదారులు ఎదురవుతాయి. ఒకటి, తిరుమల మునుపు ఏ గుడి అన్న వాదం. ఎటు వాదించినా అది గుడి చరిత్ర, దాంతో బుద్ధుడి బోధ ఒక్క ముక్క కూడా తెలియదు. మొదటి సంవత్సరం దాని జోలికి పోకండి. రెండోది మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. ఆయన మాటలు బౌద్ధానికి దగ్గరగా వినిపిస్తాయి, బౌద్ధ పండితులతో ఆయన సంభాషణలూ ఉన్నాయి. కానీ ఆయన ఏ మతానికీ తాను చెందనన్నారు. ఆయన పుస్తకం చదివి బౌద్ధం చదివామనుకుంటే ఇద్దరూ చేజారతారు. మూడోది పిరమిడ్ ధ్యానం. "శ్వాస మీద ధ్యాస" అనే వాళ్ళూ ఆనాపానసతి (శ్వాసను గమనించడం) అన్న మాటే వాడతారు. మజ్ఝిమ 118లో ఆనాపానసతి పదహారు మెట్లుగా ఉంది, పిరమిడ్ ఆకారం ప్రసక్తి లేదు.

ధ్యానం నేర్చుకోవాలనుకుంటే గోయెంకా అనే గురువు నేర్పిన పద్ధతిలో విపస్సన (ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం) శిబిరాలు దగ్గర్లో ఉన్నాయి. చెన్నై శివారు తిరుముడివాక్కంలో ధమ్మసేతు, బెంగళూరు వైపు ధమ్మపఫుల్ల, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త. పది రోజుల శిబిరం అంటారు గానీ, ముందురోజు మధ్యాహ్నానికి చేరి పదకొండో రోజు పొద్దున బయటపడాలి. సెలవు 12 రోజులకు పెట్టండి, లేకపోతే మధ్యలో ఇరుక్కుంటారు. ఫీజు లేదు, ఫోను అప్పగించాలి, పదో రోజు దాకా మౌనం. నాలుగింటికి లేపుతారు. పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదుకు టీ, పండ్లు, రాత్రి భోజనం ఉండదు. మొదటి మూడున్నర రోజులు శ్వాస గమనించడమే, విపస్సన నాలుగో రోజు మొదలు. దరఖాస్తు ధమ్మ డాట్ ఆర్గ్‌లో. శిబిరం ఏ భాషలోనో అక్కడే చూసుకోండి, తెలుగు సూచనలు కావాలంటే దరఖాస్తులోనే రాయండి. డిప్రెషన్, మూర్ఛ, నిద్రమాత్రలు లాంటివి ఉంటే దాచకండి. రోజుకు పది గంటల ధ్యానంలో అవి బయటపడితే మీకే ప్రమాదం. ఇంట్లో రోజూ పది నిమిషాలైనా కదలకుండా కూర్చోలేనివాళ్ళు నెల రోజులు అది అలవాటు చేసుకుని దరఖాస్తు పెట్టడం మేలు.

రాయి మీద బౌద్ధం చూడాలంటే రేణిగుంట నుంచి గుంతకల్లు వైపు పోయే రైలు మార్గంలోనే నందలూరు ఉంది, దగ్గర్లో బౌద్ధ శిథిలాలు ఉన్నాయి. అదే దారిలో ముందుకు పోయి గుత్తిలో దిగితే పత్తికొండ రోడ్డులో ఎర్రగుడి, అశోకుడి శాసనాలు. కానీ మొదటి ప్రయాణం చెన్నైకి పెట్టుకోండి. సప్తగిరి ఎక్కితే సెంట్రల్, అక్కడి నుంచి ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం దగ్గరే. అమరావతి శిల్పాలు అక్కడ ఉన్నాయి. మదమెక్కిన నాళాగిరి ఏనుగు ఉన్న గుండ్రటి ఫలకం ముందు కాసేపు నిలబడండి. ఒకే చక్రంలో రెండు ఘట్టాలు: ఒక పక్క ఏనుగు జనాన్ని తొక్కుకుంటూ వస్తోంది, మేడ కిటికీల్లోంచి మనుషులు తొంగి చూస్తున్నారు, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. పాత ఫలకాల్లో మనిషి రూపం వెతకకండి. ఖాళీ సింహాసనం, పాదాల గుర్తులు, చెట్టు, చక్రం, అవే బుద్ధుడు. ఎగ్మూరు స్టేషను దగ్గర కెన్నెట్ లేన్‌లో మహాబోధి సొసైటీ కూడా ఉంది, చిన్న ఇంగ్లీషు పుస్తకాలు అడగవచ్చు. శుక్రవారం మాత్రం బయల్దేరకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.